ఆవు కణములో నిద్రించే క్రోమోజోము

మందలోని ఆవును, ఆబోతును పక్కపక్కన నిలిపి చూస్తే మనకు ముందుగా తోచేవి వాటి మధ్య గల భేదములే. కాని సూక్ష్మదర్శిని క్రింద వాటి కణములను పరీక్షించే శాస్త్రజ్ఞునికి ముందుగా తోచేది వాటి సామ్యము. రెండింటి కణకేంద్రకములలోనూ క్రోమోజోములు 60. సన్నని పోగుల వంటి ఈ క్రోమోజోముల మీదనే దేహనిర్మాణమునకు వలయు ఆదేశములు, అనగా జన్యువులు, వరుసలు తీరి ఉన్నవి. ఆ 60లో 58 క్రోమోజోములు 29 జతలుగా ఆవులోను, ఆబోతులోను సరిసమానము. భేదమంతయు మిగిలిన రెండింటిలోనే. ఆవులో ఆ రెండూ ఎక్స్ అనే పెద్ద క్రోమోజోములు. ఆబోతులో ఒకటి ఎక్స్, రెండవది వై అనే చిన్న క్రోమోజోము. ఈ వై ఆకారము కూడ అన్ని పశువులలో ఒకటి కాదు. ఒంగోలు జాతి వంటి మూపురపు పశువుల వై ఒక తీరున, యూరపు జాతుల వై మరొక తీరున ఉండును. ఎక్స్ మాత్రము రెండింటిలోనూ ఒక్క తీరే.

ఇక్కడనే ఒక చిక్కు ఉన్నది. ఎక్స్ మీద వందలాది జన్యువులు ఉన్నవి. స్త్రీత్వ పురుషత్వములతో ఏ సంబంధమూ లేని జన్యువులే వీనిలో అధికము. చర్మమునకు, దంతములకు, నెత్తురునకు, కండరములకు కావలసిన ఆదేశములు ఇవి. ఆబోతుకు ఇవి ఒక్కొక్క ప్రతి చొప్పున లభించగా, ఆవుకు రెండేసి ప్రతులు లభించినవి. ఒకరికొకరు చెప్పుకొనక ఇద్దరు ఒకే కూరలో ఉప్పు వేసినట్లు, ఆవు దేహములో ఈ పదార్థములన్నియు రెట్టింపు కావలదా? ఆవు, ఆబోతు రెండూ ఆరోగ్యముగా ఎట్లు బ్రతుకుచున్నవి?

ఇది వట్టి లెక్కల చిక్కు కాదు. మానవ క్రోమోజోములలో 21వది అన్నింటికంటె చిన్నది. అంత చిన్న క్రోమోజోము ఒక్కటి అదనముగా ఉన్నందువలననే డౌన్ లక్షణములు కలుగుచున్నవని 1959లో ఫ్రాన్సులో లెజూన్ ప్రభృతులు కనుగొన్నారు. అట్టిచో, దానికంటె ఎన్నో రెట్లు పెద్దదైన ఎక్స్ ఒకటి అదనముగా కలిగియుండి కూడ సృష్టిలోని స్త్రీజాతి అంతయు నిశ్చింతగా ఉండుటకు ఏదో ఒక సర్దుబాటు ఉండి తీరవలెను. ఆ సర్దుబాటు ఏమిటో తెలిసికొనుటకు పట్టిన కాలము డెబ్బది సంవత్సరములు. ఆ కథయే నేటి ప్రసంగ విషయము.

ఎక్స్ అను పేరు ఒక సందేహమునుండి పుట్టినది. 1891లో హెన్కింగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఒక కీటకపు వీర్యకణములను పరీక్షించుచు, సగము కణములలో మాత్రమే కనిపించే ఒక పదార్థమును చూచినాడు. అది క్రోమోజోమో కాదో నిశ్చయింపజాలక, బీజగణితములో తెలియని రాశికి పెట్టినట్లు దానికి ఎక్స్ అని పేరు పెట్టినాడు. 1905లో అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే విదుషీమణి పిండిపురుగుల కణములను పరీక్షించి, సంతానము ఆడయా మగయా అనునది ఈ క్రోమోజోముల వలననే నిర్ణయమగుచున్నదని చూపించినది. అదే కాలమున ఎడ్మండ్ విల్సన్ కూడ వేరుగా పరిశోధించి అదే నిర్ణయమునకు వచ్చినాడు.

మోతాదుల చిక్కును మొదట స్పష్టముగా గుర్తించినవాడు హెర్మన్ ముల్లర్. పండ్ల ఈగల కంటిరంగును నిర్ణయించే జన్యువు ఎక్స్ మీద ఉన్నది. ఆడ ఈగకు ఆ జన్యువు రెండు ప్రతులు, మగ ఈగకు ఒకటే. అయినను రెండింటి కంటిరంగు ఒకే గాఢతతో ఉండుట ఆయన గమనించినాడు. 1932లో ఆయన దీనికి మోతాదు సర్దుబాటు అని అర్థము వచ్చే పేరు పెట్టినాడు. ఈగలలో ఈ సర్దుబాటు జరిగే తీరు తరువాత తెలిసినది. మగ ఈగ తనకున్న ఒక్క ఎక్స్ చేతనే ఇద్దరి పని చేయించుకొనును. దీనికి ప్రత్యక్ష నిదర్శనమును 1965లో చూపిన ఇద్దరిలో ఒకరు భారతీయుడైన ఎ.ఎస్. ముఖర్జీ, రెండవవారు జర్మనీకి చెందిన బీర్మన్.

ఈగ చూపిన దారినే పాలిచ్చి పెంచే జంతువులు కూడ అనుసరించునని తలచుట సహజము. కాని అవి వేరు దారి పట్టినవి. ఆ దారి జాడ మొదట కనిపించినది పిల్లులలో, అదియు అనుకోకుండ.

కెనడాలో లండన్ అను పేరు గల ఒక పట్టణమున్నది. అక్కడి విశ్వవిద్యాలయములో మరీ బార్ అనే ఆచార్యుడు, బెర్‌ట్రమ్ అనే తన విద్యార్థితో కలిసి, అలసట వలన నాడీకణములలో కలిగే మార్పులను పరిశీలించుచుండెను. అందుకై వారు పిల్లుల నాడులను విద్యుత్తుతో ప్రేరేపించి, ఆ కణములకు రంగు పట్టించి చూచేవారు. కేంద్రకములో ఒక మూల చిన్న నల్లని చుక్క కనిపించుచుండెను. కొన్ని పిల్లులలో ఆ చుక్క ఉన్నది, కొన్నింటిలో లేదు. అలసటకు, చుక్కకు పొంతన కుదరలేదు. కడకు వారు తమ పుస్తకములో ఏ పిల్లి ఆడది, ఏది మగది అని వ్రాసికొన్న వివరములను తిరగవేసి చూడగా సంగతి బయటపడినది. చుక్క కనిపించినవన్నియు ఆడపిల్లులే. 1949లో వారు ఈ సంగతిని ప్రకటించినారు. ఆ చుక్కకు నేటికిని బార్ బిందువనియే వాడుక.

ఆ చుక్క పశువుల విషయములో ఒక పాత ప్రశ్నకు కూడ ఉపయోగపడినది. ఆవు కవలలను ఈనినప్పుడు, అందులో ఒకటి కోడెదూడ, ఒకటి పెయ్యదూడ అయినచో, ఆ పెయ్య పెద్దదైన తరువాత చూలు కట్టకపోవుట పాడిరైతులు ఎరిగినదే. నూటికి తొంబదికి పైగా ఇట్లే జరుగును. ఇంగ్లండులో జాన్ హంటర్ 1779లోనే ఇట్టి పెయ్యల అంగనిర్మాణమును వర్ణించినాడు. గర్భములో కవలల మావులు కలిసిపోయి, నెత్తురు ఒకరినుండి ఒకరికి ప్రవహించుటయే దీనికి మూలమని 1916లో అమెరికాలో లిల్లీ వివరించినాడు. అయినను ఆ పెయ్య పుట్టుకతో ఆడదేనా అను సందేహము కొందరికి మిగిలియే ఉండెను. 1957లో బార్, ఆయన సహచరులు అట్టి పెయ్యల కణములను పరీక్షించినప్పుడు ఆడ జంతువులకు ఉండవలసిన చుక్క స్పష్టముగా కనిపించినది. పెయ్య పుట్టుకతో ఆడదే. తోబుట్టువు నెత్తురే దాని గర్భాశయాదులను ఎదగనీయలేదు.

చుక్క సరే, అది దేనితో తయారైనది? ఒక్కొక్క ఎక్స్ నుండి కొంత, రెండు కలిసి ఒక చుక్క అని పలువురు అనుకొన్నారు. కాలిఫోర్నియాలో పని చేయుచుండిన సుసుము ఓనో అనే జపాను శాస్త్రజ్ఞుడు 1959లో ఆడ ఎలుకల కాలేయపు కణములను పరీక్షించి, ఆ ఊహ తప్పని చూపించినాడు. రెండు ఎక్స్‌లలో ఒకటి తక్కిన క్రోమోజోముల వలెనే విడివడి ఉన్నది. రెండవది మాత్రమే ముడుచుకొని ముద్దయై ఉన్నది. ఆ ముద్దయే నల్లని చుక్క.

ఇంతవరకు జరిగినది సూక్ష్మదర్శిని పని. ఇంకొక వైపున, జంతువులను పెంచి సంకరము చేసి వాటి రంగులను లెక్కించేవారు తమ లెక్కలు తాము వ్రాసికొనుచుండిరి. ఒకరి పుస్తకము ఒకరు చదువుట అరుదు. ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి చదివినది మేరీ లైయన్.

ఆమె 1925లో ఇంగ్లండులోని నారిచ్ నగరమున జన్మించినది. కేంబ్రిడ్జిలో గిర్టన్ కళాశాలలో చదివినది. ఆ విశ్వవిద్యాలయము అప్పటికి స్త్రీలకు పురుషులతో సమానమైన పట్టమును ఈయలేదు. పేరుకు మాత్రమైన పట్టమే ఆమెకు లభించినది. 1948లో గాని అక్కడ స్త్రీలకు పూర్తి పట్టములు రాలేదు. తరువాత ఆమె హార్వెల్ అనే చోట ప్రభుత్వ పరిశోధనా కేంద్రములో చేరినది. అణు పరీక్షల వలన వెలువడే కిరణములు సంతతికి ఎంత హాని చేయునో తెలిసికొనుటకై అక్కడ వేలాది చిట్టెలుకలను పెంచేవారు.

ఆ ఎలుకలలో కొన్ని ఆడవాటి ఒంటిమీద రెండు రంగులు మచ్చలు మచ్చలుగా కలగలిసి ఉండుట ఆమెను ఆకర్షించినది. ఆ రంగుల జన్యువులు ఎక్స్ మీదివి. ఎలుక తల్లినుండి ఒక రంగును, తండ్రినుండి మరొక రంగును పొందినది. రెండూ కలిసి మధ్యరంగుగా మారక, ఇక్కడ ఒకటి అక్కడ ఒకటిగా ఏల విడిపోయినవి? ఒక్క ఎక్స్ మాత్రమే గల ఆడ చిట్టెలుకలు కూడ బాగుగనే జీవించి పిల్లలను కనుచున్నవని 1959లో వెల్షన్స్, రస్సెల్ అనేవారు ప్రకటించి ఉండిరి. అనగా ఆడ జంతువుకు ఒక ఎక్స్ చాలును. ఓనో చూపిన ముద్ద దీనితో చేరగానే సమాధానము పూర్తియైనది.

లైయన్ చెప్పిన దాని సారాంశము ఇది. పిండము ఇంకను లేతదశలో ఉన్నప్పుడే, ఆడ జంతువు యొక్క ఒక్కొక్క కణములోను రెండు ఎక్స్‌లలో ఒకటి నిద్రపోవును. ఏది నిద్రించునో ముందుగా నిర్ణయము లేదు. ఒక కణములో తల్లి ఇచ్చినది, పక్క కణములో తండ్రి ఇచ్చినది. కాని ఒకమారు నిద్రించిన తరువాత మార్పు లేదు. ఆ కణము నుండి వచ్చిన సంతతి కణములన్నింటిలోను అదే ఎక్స్ నిద్రించును. అందువలననే ఒంటిమీద మచ్చలు. 1961 ఏప్రిల్ 22న నేచర్ పత్రికలో వెలువడిన ఈ వ్యాసము రెండు పుటలకు మించదు. అదే సంవత్సరము అమెరికాలో లియేన్ రస్సెల్ కూడ తన ఎలుకలను చూచి దీనికి సమీపమైన భావమును ప్రకటించినది.

దీనిని అందరును వెంటనే అంగీకరింపలేదు. హాన్స్ గ్రూనెబెర్గ్ అనే పేరుపొందిన జన్యుశాస్త్రజ్ఞుడు కొన్ని సంవత్సరముల పాటు దీనిని గట్టిగా ఎదిరించినాడు. కాని నిదర్శనములు ఒక్కొక్కటే సమకూడినవి. 1963లో అమెరికాలో డేవిడ్‌సన్ ప్రభృతులు ఒక ఎంజైము యొక్క రెండు రకములను తల్లిదండ్రుల నుండి పొందిన స్త్రీల చర్మకణములను తీసికొని, ఒక్కొక్క కణమును వేరువేరుగా గాజుపాత్రలో పెంచినారు. ఒక కణము నుండి పెరిగిన గుంపులో ఒక్క రకము ఎంజైమే ఉన్నది. రెండు రకములు కలిసి ఏ గుంపులోనూ కనిపించలేదు.

1964లో బి.బి. ముఖర్జీ, ఎ.కె. సిన్హా అనే మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆడ కంచరగాడిదను ఎన్నుకొన్నారు. దాని తల్లి గుర్రము, తండ్రి గాడిద. గుర్రపు ఎక్స్‌ను, గాడిద ఎక్స్‌ను ఆకారము చూచి గుర్తుపట్టవచ్చును. కొన్ని కణములలో గుర్రపు ఎక్స్, కొన్నింటిలో గాడిద ఎక్స్ నిద్రించుట వారు కన్నులార చూచినారు.

ఈ సిద్ధాంతము వెలుగులో పాత వృత్తాంతములు కొన్ని కొత్తగా అర్థమైనవి. సింధు దేశములో ఒక హిందూ కుటుంబమును గురించి డార్విన్ 1875లో తన గ్రంథములో ప్రస్తావించినాడు. నాలుగు తరములలో పదిమంది పురుషులకు పళ్ళు బహు కొద్ది. ఒంటిమీద వెంట్రుకలు అత్యల్పము. చర్మము పొడిబారి వేసవిలో మిక్కిలి బాధపడేవారు. వారి ఆడపడుచులకు ఈ జబ్బు రాలేదు, కాని వారి కుమారులకు వచ్చినది. చెమట గ్రంథులు సరిగా ఏర్పడకపోవుటయే ఈ వ్యాధిలోని ముఖ్యలోపము. దానిని మోసే స్త్రీల చర్మమును నేడు పరీక్షించినచో చెమట పట్టే చోట్లు, పట్టని చోట్లు చారలు చారలుగా కనిపించుట కద్దు. చెమట పట్టని చారలో మేలైన ఎక్స్ నిద్రించుచున్నది. పట్టిన చారలో లోపము గలది నిద్రించుచున్నది.

ఈ వ్యాధికి కారణమైన జన్యువును మానవులలో 1996లో గుర్తించినారు. 2001లో జర్మనీలో హోల్‌స్టీన్ జాతి దూడలకు కొన్నింటికి వెంట్రుకలు పలుచగా, పళ్ళు లోపించి పుట్టుటకు కారణము వెదకగా, అదే జన్యువు, అదే ఎక్స్ మీద దెబ్బతిని ఉన్నది. మావి గల జంతువులన్నింటిలో ఎక్స్ మీది జన్యువులు చాలవరకు మారక నిలిచియున్నవని ఓనో 1967లోనే చెప్పి ఉండెను. సింధులోని ఇంటికి, జర్మనీలోని కొట్టమునకు గల ఈ సామ్యము ఆ మాటకు సాక్ష్యము. లైయన్ వ్యాసమునకు ముందే, 1953లో, అమెరికాలో హోల్‌స్టీన్ ఆవుల ఒంటిమీద నిలువు చారలుగా వెంట్రుకలు లేకుండుటను గూర్చి ఒక వ్యాసము వెలువడినది. చారలు ఆవులకే గాని ఆబోతులకు లేవు. ఆవు తన చర్మముపై వ్రాసి చూపిన సంగతిని చదువుటకు అప్పటికి మనకు అక్షరములు రాలేదు.

నిద్రపుచ్చే చేయి ఏదో 1991లో తెలిసినది. ఎక్స్ మీదనే ఉన్న ఒక జన్యువు, నిద్రించే ఎక్స్ నుండి మాత్రమే పని చేయుచున్నదని అమెరికాలో కరొలిన్ బ్రౌన్, విల్లర్డ్ ప్రభృతులు కనుగొన్నారు. దాని పేరు ఎక్సిస్ట్. ఇది ఇతర జన్యువుల వలె మాంసకృత్తును తయారు చేయదు. అది తయారు చేసే పొడవైన ఆర్.ఎన్.ఏ. పోగు, తాను పుట్టిన ఎక్స్‌నే దుప్పటి వలె కప్పి దాని జన్యువులను మౌనము వహింపజేయును. ఇల్లు నిద్రించుచుండగా మేలుకొని ఉన్న కావలివాని వంటిది ఈ జన్యువు.

ఈ నిద్ర ఎంత గాఢమైనదో 2001 డిసెంబరులో టెక్సాస్‌లో పుట్టిన ఒక పిల్లి చూపించినది. మూడువన్నెల పిల్లి యొక్క ఒక్క కణము నుండి ప్రతిరూపముగా దానిని పుట్టించినారు. మూలమైన పిల్లికి నారింజ వన్నె ఉన్నది, ప్రతిరూపమునకు లేదు. తీసికొన్న కణములో నారింజ వన్నె గల ఎక్స్ నిద్రించుచుండెననియు, కొత్త దేహములో కూడ అది మేల్కొనలేదనియు భావించినారు. ఆవులలో ఈ సంగతి ప్రాణముతో ముడిపడినది. 2002లో అమెరికాలో ప్రతిరూపములుగా పుట్టిన పెయ్యదూడలను పరీక్షించినప్పుడు, బ్రతికిన దూడలలో ఎక్స్ నిద్ర సక్రమముగా ఉండగా, చనిపోయిన దూడలలో అది క్రమము తప్పి కనిపించినది.

ఆవుకు, ఆబోతుకు మధ్య తూకము ఇట్లు కుదిరినది. కాని రెండవ తూకము ఒకటి మిగిలియున్నది. తక్కిన క్రోమోజోములన్నియు జతలుగా, రెండేసి ప్రతులతో పని చేయుచుండగా, ఎక్స్ మాత్రము ఇరువురిలోను ఒక్కటే మేల్కొని ఉన్నది. అది వెనుకబడదా? మెలకువగా ఉన్న ఎక్స్ తన పనిని రెట్టింపు చేసికొని ఉండవలెనని ఓనో 1967లో ఊహించినాడు. ఈ ఊహ మీద 2006 నుండి శాస్త్రజ్ఞులలో తీవ్రమైన వాదములు జరిగినవి. 2019లో పశువుల పిండములను, దేహభాగములను పరీక్షించిన ఒక పరిశోధనలో మధ్యేమార్గము కనిపించినది. ఎక్స్ జన్యువులను అన్నింటిని కలిపి చూచినచో సర్దుబాటు సగమునకు మించి ఉన్నదే గాని పూర్తి కాదు. మోతాదు తప్పితే ఓర్వలేని జన్యువులలో మాత్రము అది పూర్తిగను, అంతకు మించియు ఉన్నది. ఆవు కణజాలములకు, ఆబోతు కణజాలములకు ఈ విషయములో చెప్పదగిన భేదము లేదు. అవసరమైన చోట తూకము ఖచ్చితముగా, అవసరము లేని చోట కొంత వదులుగా ఉన్నదన్నమాట. నిద్రించే ఎక్స్ కూడ పూర్తిగా నిద్రించదు. స్త్రీలలో ఆ ఎక్స్ మీది జన్యువులలో సుమారు నూటికి 15 మేల్కొనియే ఉండునని 2005లో తేలినది. ఒక్క ఎక్స్‌తోనే పుట్టిన స్త్రీలు పొట్టిగా ఉండుటకు, సాధారణముగా సంతానము లేకుండుటకు ఇది ఒక కారణము.

ఈ చరిత్ర అంతయు మన ఇంటికి ఏమి సంబంధమని అడుగువారు ఉండవచ్చును. ఒక్క ఉదాహరణము చెప్పి ముగించెదను. మరల మరల తిరగబెట్టే ఒక రకపు మలేరియాకు ప్రైమాక్విన్ అనే మందు ఇచ్చుదురు. జి6పీడీ అనే ఎంజైము లోపించిన వారికి ఆ మందు వలన ఎర్రకణములు చితికి నెత్తురు తగ్గిపోవు ప్రమాదమున్నది. డేవిడ్‌సన్ ప్రభృతులు గాజుపాత్రలో పరీక్షించినది ఈ ఎంజైమునే; దాని జన్యువు ఎక్స్ మీదిది. పురుషునిలో లోపము ఉన్నది, లేదు అని పరీక్షలో సులువుగా తేలును. లోపమును ఒక ఎక్స్ మీద మోసే స్త్రీలో అట్లు కాదు. ఆమె నెత్తురులో బలమైన కణములు, బలహీనమైన కణములు కలగలిసి ప్రవహించుచున్నవి. ఏవి ఎన్ని అనునది ఆమె తల్లి గర్భములో ఉన్నప్పుడు జరిగిన చీటీల పంపకము వంటిది. అందుచేత అవునో కాదో మాత్రమే చెప్పే పరీక్షలో లోపము లేదని వచ్చినను, ఆమె నెత్తురులో మూడవ వంతో, సగమో ప్రమాదములో ఉండవచ్చును. మోతాదును కొలిచి చెప్పే పరీక్ష ఆమెకు అవసరమనునది లైయన్ ఎలుకల మచ్చల నుండి నేరుగా వచ్చిన పాఠము.

మేరీ లైయన్ 2014లో కన్నుమూసినది. ఆమె చూపిన సత్యము మాత్రము మన కొట్టములోని ఆవులోను, వాకిట తిరిగే మూడువన్నెల పిల్లిలోను, మన అక్కచెల్లెళ్ళలోను ప్రతిక్షణము పని చేయుచున్నది. స్త్రీదేహము ఒకే రకపు కణముల కట్టడము కాదు. తల్లి ఇచ్చినదానిని మేలుకొలిపిన కణములు కొన్ని, తండ్రి ఇచ్చినదానిని మేలుకొలిపిన కణములు కొన్ని, ఇరువర్గములు కలిసి మోయుచున్న కాపురము అది.